తోడు నిలిచిన మిత్రులకు ఏమివ్వాలి?

అమెరికా పెళ్లిళ్లలో వరుడి పక్కన అతని ఆప్తమిత్రులు వరుసగా నిలబడతారు. వాళ్లని గ్రూమ్స్‌మెన్ అంటారు. ఒకే రకం సూట్లు వేసుకోవడం, పెళ్లికి ముందు వరుడికి విందు చేయడం, పెళ్లిరోజు అతిథుల్ని చూసుకోవడం వాళ్ల పనులు. అందుకు కృతజ్ఞతగా వరుడు తలా ఒక కానుక ఇవ్వడం అక్కడి మర్యాద. సాధారణంగా పెళ్లికి ముందురోజు రాత్రి జరిగే రిహార్సల్ డిన్నర్‌లో ఇస్తారు. మన పెళ్లిళ్లలో తోడపెళ్లికొడుకు అంటే ఎక్కువగా ఇంట్లో చిన్నపిల్లవాడే. స్నేహితులు పనులు చూసేవాళ్లే తప్ప పీటల పక్కన వరుసకట్టే ఆచారం లేదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల ద్వారా ఆ వరుస మన మండపాల్లోకీ వచ్చింది. దానితోపాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది: పెళ్లి ఖర్చుల మధ్య మిగిలే కొద్దిపాటి డబ్బుతో, ఆ స్నేహితుల దగ్గర చాలాకాలం ఉండిపోయే కానుక ఏది? ఈ ప్రశ్న మీద రెండు వాదాలున్నాయి. వాటిని డాలస్‌లో పెళ్లికి సిద్ధమవుతున్న తమ్ముడికీ, విజయవాడలో అర్థశాస్త్రం బోధించే అక్కకీ మధ్య సంభాషణగా ఇక్కడ పెడుతున్నాను. నా మొగ్గు అక్క వాదం వైపే. అయినా తమ్ముడి మాటలో బలమున్నచోట దాన్ని తగ్గించలేదు.

తమ్ముడు: అక్కా, ఆరుగురికీ ఒకటే ఇద్దామనుకుంటున్నాను. చెక్కపెట్టెలో చిన్న స్టీలు ఫ్లాస్కు, రెండు విస్కీ గ్లాసులు. వాటి మీద ఎవరి పేరు వాళ్లకి చెక్కిస్తాం, కింద పెళ్లి తేదీ, మా ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు. తలకి 45 డాలర్లు, మొత్తం 270. అంతకుమించి పెట్టలేను. నేను ఇలా ఆలోచించాను: వాళ్లు నా కోసం సూటు కొంటున్నారు, విమానం టికెట్లు కొంటున్నారు, రెండురోజులు సెలవు పెడుతున్నారు. ఆ రోజుని గుర్తుచేసే వస్తువు వాళ్ల ఇంట్లో ఉండాలి. పేరు చెక్కి ఉంటే ఎవరూ పారెయ్యలేరు, ఇంకొకరికి ఇవ్వలేరు. స్టీలు తుప్పు పట్టదు. ముప్ఫై ఏళ్లయినా అలాగే ఉంటుంది. అందరికీ ఒకటే కాబట్టి ఎక్కువ తక్కువల మాట రాదు. చవక, మన్నిక, సమానత్వం మూడూ కుదిరాయి కదా, ఇక లోటెక్కడ?

అక్క: మన్నిక అన్న దగ్గరే మనిద్దరికీ తేడా. వస్తువుకి రెండు ఆయుష్షులుంటాయి. ఒకటి దాన్ని చేసిన లోహానిదో గుడ్డదో. రెండోది దాని వాడకానిది. నువ్వు మొదటిదే లెక్కపెట్టావు. అమెరికాలో ఎమిలీ పోస్ట్ అనే రచయిత్రి 1922లో మర్యాదల మీద రాసిన పుస్తకం ఏళ్ల తరబడి అక్కడి ఇళ్లలో ప్రామాణికంగా చెల్లింది. వరుడు తన మిత్రులకి ఏమివ్వవచ్చో అందులో ఉంది: చొక్కా చేతులకి పెట్టుకునే కఫ్‌లింకులు, వెండి పెన్సిళ్లు, బెల్టు బకిళ్లు, బంగారు తాళాల రింగులు, వెండి సిగరెట్ పెట్టెలు. ఆ కాలానికి అవన్నీ సరైన కానుకలే, రోజూ జేబులో ఉండేవే. వందేళ్ల తర్వాత వాటి గతి చూడు. వెండి చెక్కుచెదరలేదు. సిగరెట్ పెట్టె మాత్రం పాతవస్తువుల దుకాణానికి చేరింది, దాన్ని జేబులో వేసుకునే అలవాటు పోయింది గనక. నీ స్టీలు ఫ్లాస్కు ముప్ఫై ఏళ్లుంటుందనడంలో నాకు సందేహం లేదు. ఆ ఆరుగురిలో కోటు జేబులో ఫ్లాస్కు పెట్టుకు తిరిగేవాళ్లు ఎంతమంది? ఒక్కరూ లేకపోతే, పెళ్లి మర్నాడే దాని రెండో ఆయుష్షు తీరిపోయినట్టు. పేరుంది కాబట్టి పారెయ్యలేడన్నావు. పారెయ్యడానికి మొహమాటపడి అటక మీద పెట్టిన వస్తువు నీ స్నేహానికి గుర్తు అవదు, అతనికి బరువవుతుంది.

తమ్ముడు: వాడకంతోనే అన్నీ తూచలేం అక్కా. జ్ఞాపకం కూడా ఒక ఉపయోగమే. విక్టోరియా రాణి 1840లో తన పెళ్లినాడు వెనక కొంగు పట్టిన పన్నెండుమంది అమ్మాయిలకీ డేగ ఆకారంలో బ్రోచీలు ఇచ్చింది. ఆల్బర్ట్ యువరాజే వాటి నమూనా రూపొందించాడట. నీలిరంగు టర్కాయిస్ రాళ్లు, కాళ్ల దగ్గర ముత్యాలు. డేగ అతని కోబర్గ్ వంశపు చిహ్నం, అంటే పూర్తిగా ఆ పెళ్లి ముద్రే. వాటిలో ఒకటి ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంత దూరం ఎందుకు, మన ఇళ్లలో చూడు. పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు, గ్లాసులు, పళ్లాల మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. నలభై ఏళ్లయినా అవి వంటింట్లో ఉన్నాయి. ఫలానా మావయ్య ఇచ్చిందని ఆ పేరు చూసే కదా గుర్తుపడతాం! పేరు కొట్టించడం మన ఆచారమే అయినప్పుడు, నేను ఫ్లాస్కు మీద చెక్కిస్తే తప్పెందుకవుతుంది?

అక్క: రెండూ మంచి ఉదాహరణలే. విడివిడిగా చూద్దాం. బ్రోచీ మ్యూజియంలో నిలిచింది అది ఒక రాణి పెళ్లిది కాబట్టి, రాళ్లూ ముత్యాలూ పొదిగిన నగ కాబట్టి. ఆ రెండూ లేని పెళ్లి ముద్రని దాచడానికి ఏ మ్యూజియమూ ఉండదు. ఇక స్టీలు గిన్నె సంగతి. అది నలభై ఏళ్లు బతికింది పేరు వల్ల కాదురా, పప్పు వండటానికి సరిపోయింది కాబట్టి. పేరు అంచు మీద వేలెడంత చోటులో ఉంది, వాడకానికి అడ్డం రాలేదు. గిన్నె రోజూ చేతిలోకి వచ్చింది, కాబట్టి పేరూ రోజూ కంటపడింది. ముందు వాడకం, దాని వెంట జ్ఞాపకం. అదే పెళ్లిళ్లలో వచ్చిన షోకేసు బొమ్మలు, గడియారం పొదిగిన ప్లాస్టిక్ తాజ్‌మహళ్లు, పెద్ద అక్షరాలతో శుభాకాంక్షలు రాసిన ఫోటో ఫ్రేములు ఎన్ని ఇళ్లలో మిగిలాయి? పెట్టుబడి చీర సంగతి కూడా మనందరికీ తెలిసిందే. బొట్టుపెట్టి ఇచ్చిన చీరని మడత విప్పకుండా ఇంకొక పేరంటంలో ఇంకొకరికి పెట్టేస్తాం. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, పుచ్చుకున్నవాళ్లకీ కోపం లేదు. ఎవరు కడతారన్నది చూడకుండా కొన్న చీర కాబట్టి అది ఎవరిదీ కాలేకపోయింది. అందుకని ముద్ర వద్దనను. అది చిన్నదిగా, అంచున ఉండాలి. ఉంటే అతని పేరు ఉండాలి, నీ పెళ్లి తేదీ కాదు.

తమ్ముడు: సరే, వాడే వస్తువే అనుకుందాం. 45 డాలర్లలో వాడుకునే వస్తువంటే ఒక చొక్కానో, ఒక పెనమో. నా కోసం వెయ్యి డాలర్లు ఖర్చుపెట్టి వచ్చినవాడి చేతిలో పెనం పెడితే ఏమనుకుంటాడు? చెక్కపెట్టె, చెక్కిన అక్షరాలు ఉంటే కనీసం ఖరీదైనదిగా కనిపిస్తుంది. ధర ఎంతో తెలియదు, నిండుగా ఉంటుంది. పైపై మెరుగు అని నువ్వనొచ్చు. కానీ కానుకంటే ఇచ్చే క్షణం కూడా కదా. ఆ క్షణంలో చిన్నబుచ్చుకుంటే తర్వాత పదేళ్ల వాడకం దాన్ని పూడుస్తుందా?

అక్క: ఈ భయం దాదాపు ఇచ్చేవాళ్లందరికీ ఉంటుంది, దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. గాబ్రియెల్ ఆడమ్స్, ఫ్రాన్సిస్ ఫ్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ధర పెరిగినకొద్దీ పుచ్చుకునేవాళ్ల సంతోషం పెరుగుతుందని ఇచ్చేవాళ్లు నమ్మారు. పుచ్చుకున్నవాళ్ల జవాబుల్లో మాత్రం ధరకీ మెచ్చుకోలుకీ అలాంటి సంబంధం కనిపించలేదు. నిశ్చితార్థపు ఉంగరాల విషయంలో కూడా అంతే. 2014లో ఎర్నెస్ట్ బాస్కిన్, మరి ముగ్గురు కలిసి చేసిన పరిశోధన ఇంకొక మెట్టు ముందుకెళ్లింది. ఇచ్చేవాళ్లు వస్తువు ఎంత గొప్పగా ఉందో చూస్తారు, పుచ్చుకునేవాళ్లు దాన్ని వాడటం ఎంత తేలికో చూస్తారు. అంటే మనం కానుక కొనేటప్పుడు మన కళ్లతో కొంటాం. అదే మనిషి రేపు ఇంకొకరి దగ్గర పుచ్చుకునేటప్పుడు వేరే కళ్లతో చూస్తాడు. చెక్కపెట్టె, పేటిక లోపలి పట్టుగుడ్డ, మెరిసే పూత ఇవన్నీ ఇచ్చే క్షణానికి కట్టే సొమ్ము. నీ 45 డాలర్లలో సగం పెట్టెకే పోతే, లోపలి వస్తువు సగం ధరది అవుతుంది. సగం ధర వస్తువే ముందు పాడవుతుంది. తక్కువ డబ్బున్నవాడికి ఉన్న ఒకే ఒక్క మార్గం, ఆ డబ్బంతా వాడే భాగం మీద పెట్టడం.

తమ్ముడు: నువ్వు పరిశోధనల మాట తెచ్చావు కాబట్టి నేనూ ఒకటి తెస్తాను. జోయల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో క్రిస్మస్ కానుకల మీద రాశాడు. విద్యార్థులకి వచ్చిన కానుకల్ని వాటికి అయిన ఖర్చుతో పోల్చి చూస్తే, పదోవంతు నుంచి మూడోవంతు దాకా విలువ వృథా అవుతోందని లెక్క తేల్చాడు. ఎదుటివాడి అవసరం మనకి పూర్తిగా తెలియదు గనక. నీ వాదాన్ని చివరిదాకా తీసుకెళ్తే చేరేది అక్కడికే: కవర్లో డబ్బు పెట్టి ఇచ్చెయ్యి, ఏం కావాలో వాళ్లే కొనుక్కుంటారు. మన పెళ్లిళ్లలో చదివింపులు ఉన్నదీ అందుకే. అది వద్దంటే వెండి నాణెం ఇస్తాను. వెండి విలువ ఎక్కడికీ పోదు, ఎవరికైనా పనికొస్తుంది, మన మర్యాదకీ సరిపోతుంది.

అక్క: వాల్డ్‌ఫోగెల్ చెప్పినదాంట్లో రెండు సంగతులు నువ్వు వదిలేశావు. వస్తువు మీదున్న మమకారాన్ని పక్కనపెట్టి విలువ చెప్పమని అతను అడిగాడు. అంటే కానుకకి ప్రాణమైన భాగాన్ని లెక్కలోంచి ముందే తీసేశాడు. రెండోది, ఆ వృథా ఇచ్చేవాళ్లనిబట్టి మారింది. అత్తయ్యలు, బాబాయిలు, తాతయ్యల్లాంటి వాళ్లిచ్చిన వాటిలో ఎక్కువ. స్నేహితులిచ్చిన వాటిలో చాలా తక్కువ. ఎవరికి ఏది పనికొస్తుందో స్నేహితుడికి తెలుసు. నీ ఆరుగురూ నీకు బాగా తెలిసినవాళ్లే. ఆ తెలివిడిని వాడుకోకుండా డబ్బు కవరు ఇవ్వడం నీకున్న బలాన్ని వదులుకోవడమే. చదివింపుల పద్ధతి వేరు. పేరూ మొత్తమూ పుస్తకంలో రాసుకుంటాం, వాళ్లింట్లో పెళ్లైనప్పుడు ఆ పుస్తకం తీసి చూసి అంతకి తగ్గకుండా చదివిస్తాం. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం అనే మూడు బాధ్యతల మీద సమాజాలు నిలుస్తాయని మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో రాశాడు. మన చదివింపుల పుస్తకం దానికి చక్కని సాక్ష్యం. ఒక కుటుంబం పెళ్లి ఖర్చుని బంధువులంతా పంచుకునే ఏర్పాటుగా అది గొప్పది. కానీ వెయ్యి డాలర్లు పెట్టుకుని వచ్చిన స్నేహితుడికి 45 డాలర్ల కవరు ఇస్తే అది ఆ లెక్కలోకే వెళ్తుంది, వెళ్లి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. వస్తువుకి ఆ ఇబ్బంది లేదు. దాన్ని విమానం టికెట్టుతో ఎవరూ పోల్చరు. వెండి నాణేనికి విలువ ఉంటుంది, నిజమే. 925 ముద్ర ఉంటే వెయ్యిపాళ్లలో 925 పాళ్లు వెండి అని నమ్మకం. కానీ అది బీరువాలోకి వెళ్తుంది, ధర పెరిగినప్పుడు అమ్ముడవుతుంది. దాన్ని దాచుకోవచ్చు గానీ దానితో కలిసి బతకలేం. డబ్బు గురించి ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆ ఆరుగురిలో ఎవరికైనా సూటు కొనడం బరువైతే, దాని డబ్బు నువ్వు చాటుగా కట్టు. అది సాయం. దాన్ని కానుక పేరుతో నలుగురిలో ఇవ్వకు.

తమ్ముడు: అయితే ఏమివ్వాలో చెప్పు. ఇక్కడి బజారు వస్తువుల కంటే మన ఊరి వస్తువులే బాగుంటాయనిపిస్తోంది. కొండపల్లి బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి తీగపని, ఏటికొప్పాక లక్కబొమ్మలు. వాటిలో చెయ్యి కనిపిస్తుంది, అలాంటివి ఇక్కడి దుకాణాల్లో కనపడవు. మన కళాకారులకీ నాలుగు డబ్బులు వెళ్తాయి. నువ్వు వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకొచ్చేస్తే సరి.

అక్క: ఆ కళలంటే నాకూ ప్రాణమే. అయినా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పెళ్లి తేదీ చెక్కించడం నీ ముద్ర అయినట్టే, మన ఊరి వస్తువే ఇవ్వాలన్న పట్టుదల కూడా నీ ముద్రే. కొండపల్లి బొమ్మని తెల్లపొణికి కర్రతో చేస్తారు, తేలికైన మెత్తటి కర్ర. దాన్ని అందంగా పెట్టుకునే అర, దుమ్ము దులిపే ఓపిక ఉన్నవాడికి అది మంచి కానుక. అద్దె గదిలో ఉంటూ ఏడాదికో ఇల్లు మారే కుర్రాడికి మూడో మార్పుకి చెయ్యి విరుగుతుంది. వెండి తీగపని నాజూకైనది, రోజువారీ రాపిడికి చేసింది కాదు. ఇత్తడి గట్టిదే, కానీ చింతపండు పెట్టి తోమాలి, పులుపు వండాలంటే లోపల కళాయి ఉండాలి. ఇవన్నీ తెలిసినవాడికే అది సుఖం. కాబట్టి ఊరు చూడకు, మూడు ప్రశ్నలు వేసుకో. ఈ వస్తువుతో చేసే పని అతను ఇప్పటికే వారానికి ఒకసారైనా చేస్తున్నాడా? పాడైతే బాగుచేయించుకోవచ్చా, కనీసం ఉతికి తోమి మళ్లీ వాడొచ్చా? అతని పెట్టెలో, అతని గదిలో పడుతుందా? ఈ మూడింటికీ అవునన్న జవాబొచ్చి, అది మన ఊరిదే అయితే, అంతకన్నా కావలసిందేముంది! ఉదాహరణకి మంగళగిరి నూలు. చొక్కాలు వేసుకోనివాడు ఉండడు. ఆ నేత గుడ్డ ఉతికినకొద్దీ మెత్తబడుతుంది, డాలస్ ఎండలకి సరిపోతుంది, మీటర్ల లెక్కన దొరుకుతుంది, మడిస్తే పెట్టెలో చోటు పట్టదు. నెలకి రెండుసార్లు వేసుకున్నా నాలుగేళ్లలో 96 సార్లు. 45 డాలర్ల చొక్కా ఒక్కో రోజుకి అర డాలరు కూడా పడదు. వంట చేసుకునేవాడికి ఉదయగిరి కర్ర గరిటెలు పనికొస్తాయి, కాఫీ ప్రియుడికి స్టీలు ఫిల్టరు, డవరా సెట్టు. చేత్తో రాసే అలవాటున్నవాడికి రాజమండ్రి ఎబొనైట్ కలం. దాని పాళీ అరిగితే మార్చుకోవచ్చు. రాసే అలవాటు లేనివాడికి అదే కలం ఇస్తే, ఎమిలీ పోస్ట్ నాటి సిగరెట్ పెట్టె దారే పడుతుంది.

తమ్ముడు: ఇక్కడే చిక్కుంది. ఒకడికి గరిటెలు, ఒకడికి కలం, ఇంకొకడికి చొక్కా ఇస్తే పోల్చుకోవడం మొదలవుతుంది. ఆరుగురు పక్కపక్కన కూర్చుని విప్పుతారు కదా. ఎవరిది పెద్దది, ఎవరితో ఎక్కువ దగ్గర అన్న మాట రాకుండా ఉంటుందా? వరుసలో నిలబడేటప్పుడు వాళ్లంతా సమానం. సమానంగా ఉంచడం వరుడి బాధ్యత. పైగా ఆరుగురి అలవాట్లు కనిపెట్టి, ఆరు వేరు వేరు వస్తువులు వెతకడానికి పెళ్లి ముందు ఎవరికి తీరిక ఉంటుంది? నా ఫ్లాస్కుల్లో ఎన్ని లోపాలున్నా, ఒక్క ఆర్డరుతో అందరికీ న్యాయం జరుగుతుంది.

అక్క: ఇప్పటిదాకా నువ్వు చెప్పినవాటిలో అన్నిటికన్నా బలమైన మాట ఇదే. దీనికి నేను తగ్గుతాను. వరుసలో నిలబడ్డవాళ్ల మధ్య తేడా కనపడకూడదు. అందుకని ఒకే జాతి వస్తువు, ఒకే ధర తీసుకో. రంగు, కొలత, పనితనం మాత్రం వాళ్లనిబట్టి మార్చు. ఆరుగురికీ మంగళగిరి చొక్కాలే, కానీ ఒకరికి ముదురు నీలం, ఒకరికి తెలుపు, ఎవరి కొలత వాళ్లది. లేదా ఆరుగురికీ తోలు పర్సులు, ఒకరికి కార్డులు మాత్రం పట్టేవి, ఇంకొకరికి నోట్లు పట్టేవి. తోలు కొనేటప్పుడు ఒకటి చూడాలి. తోలు ముక్కల పొడిని జిగురుతో అతికించి, పైన ప్లాస్టిక్ పూత వేసేదాన్ని బాండెడ్ లెదర్ అంటారు. కొన్నాళ్లకే పొరలుగా ఊడిపోతుంది. పై పొర చెక్కకుండా తీసిన ఫుల్ గ్రెయిన్ తోలు గీతలు పడినా నునుపు తేలుతుంది, కుట్టు ఊడితే మళ్లీ కుట్టించుకోవచ్చు. ఇక తీరిక లేదన్నావు. దానికి జవాబు కనిపెట్టడం మానేసి అడగడమే. ఫ్రాంచెస్కా జీనో, ఫ్లిన్ కలిసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పుచ్చుకునేవాళ్లు తాము నోరు విడిచి అడిగిన వస్తువునే ఎక్కువ మెచ్చుకున్నారు. ఇచ్చేవాళ్లు మాత్రం అడగకుండా తెచ్చిందానికే విలువెక్కువని పొరబడ్డారు. ఆశ్చర్యపరచాలన్న కోరిక నీది. సరిపోయే కొలత కావాలన్నది వాళ్ల అవసరం. చొక్కా కొలత, ఇష్టమైన రంగు అడుగుతూ రెండు వాక్యాల మెసేజి పంపడానికి పెళ్లికొడుక్కీ తీరిక ఉంటుంది.

తమ్ముడు: అన్నీ ఒప్పుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. చొక్కా నాలుగేళ్లకి చిరుగుతుంది. పర్సు పదేళ్లకి మారుస్తాడు. నా గాజు గ్లాసు అద్దాల బీరువాలో పాతికేళ్లయినా కూర్చుంటుంది, పేరు చెరగదు, తేదీ చెరగదు. మన్నికైన కానుక కావాలని మొదలుపెట్టి చివరికి చిరిగిపోయేదాన్ని ఎంచుకోవడం మన ప్రశ్నకి జవాబెలా అవుతుంది? ఆ పెళ్లినాడు తను నా పక్కన నిలబడ్డాడన్న సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపిస్తుంది అక్కా. అది మాత్రం వదులుకోలేను.

అక్క: వదులుకోమని నేనూ అనను. చోటు మార్చమంటున్నాను. పెళ్లి తేదీ, మీ పేర్లు, అతను నీకు చేసిన మేలు ఇవన్నీ వస్తువు మీద వద్దు, దానితో పాటిచ్చే ఉత్తరంలో రాయి. నీ చేత్తో, ఒక్కొక్కరికి విడిగా, పది వాక్యాలు. చదువుకునే రోజుల్లో ఫీజు కట్టే గడువు దాటిపోతుంటే అప్పిచ్చినవాడికి ఆ సంగతే రాయి. ఉద్యోగం పోయినప్పుడు తన గదిలో చోటిచ్చినవాడికి ఆ నెలల గురించి రాయి. అది చెక్కించడానికి ఏ మిషనూ లేదు, డబ్బూ అక్కర్లేదు. కాయితం ఎక్కువ చోటు పట్టదు గనక ఎన్ని ఇళ్లు మారినా వెంట వస్తుంది. అలా జ్ఞాపకం పనిని ఉత్తరం చూసుకుంటే వస్తువు మీద ఆ బరువు ఉండదు, తన పని తాను చేసుకుంటుంది. ఇక చిరగడం గురించి. వాడితేనే చిరుగుతుంది. 96 సార్లు వేసుకున్న చొక్కా ఆ 96 రోజులూ అతనికి పనికొచ్చింది. ఆఫీసుకి వెళ్లినప్పుడు, పండగకి, ప్రయాణంలో. బీరువాలో గ్లాసు పాతికేళ్లూ ఒక్క పనీ చెయ్యలేదు. కానుక ఇచ్చింది అతనికి మేలు జరగాలని అయితే, ఎంతకాలం ఉందన్నదానికన్నా ఎన్నిసార్లు అక్కరకొచ్చిందన్నదే సరైన కొలత. ఇంకో సంగతి. సరిపోయిన వస్తువు అరిగిపోయాక మనిషి మళ్లీ అలాంటిదే వెతుక్కుంటాడు. నువ్వు పరిచయం చేసిన నేతగుడ్డనో ఫిల్టరు కాఫీనో తన డబ్బుతో కొనుక్కునే రోజు వస్తే, నీ 45 డాలర్ల కానుక దాని ఆయుష్షు దాటి బతికినట్టే.

సంవాదం ఇక్కడితో ఆపి, రెండు వాదాల్నీ తూచి నా మాట చెబుతాను. తమ్ముడు పట్టిన రెండు విషయాలు సరైనవి. ఒకే వరుసలో నిలబడ్డ స్నేహితుల మధ్య ఎక్కువ తక్కువలు కనిపించకూడదు. వాళ్ల రాక ఎక్కడో ఒకచోట అక్షరాల్లో నమోదు కావాలి. ఆ రెంటినీ సాధించడానికి అతను ఎంచుకున్న వస్తువు మాత్రం సరైనది కాదు. ఒకే జాతి, ఒకే ధర అన్న నియమం మొదటిదాన్ని తీరుస్తుంది. చేతిరాత ఉత్తరం రెండోదాన్ని తీరుస్తుంది. ఆ రెండూ తీరాక వస్తువుని ఎంచుకోవడానికి మిగిలేది ఒక్కటే కొలమానం: పుచ్చుకునేవాడి రోజువారీ బతుకు. పెళ్లి పెద్దలు ఖర్చు పట్టీ రాసుకునేటప్పుడు ఈ వరుస పాటిస్తే చాలు. ముందు తలకి ఎంత అన్నది తేల్చుకోవాలి, అది పెంచుకుంటూ పోకూడదు. తర్వాత వాళ్లనే అడగాలి. పెట్టెకీ పూతకీ కాకుండా గుడ్డకీ తోలుకీ కుట్టుకీ డబ్బు పెట్టాలి. ఉత్తరం పెళ్లిపనుల హడావిడి మొదలవకముందే రాసిపెట్టుకోవాలి. పెళ్లి వరుడి పండగే, ఆ రోజు అందరి చూపూ అతని మీదే ఉంటుంది. తన పక్కన నిలబడ్డవాడి మీదకి వరుడే చూపు తిప్పగలిగిన ఒక్క సందర్భం ఈ కానుక. దాని మీద కూడా తన పేరే రాసుకుంటే ఆ సందర్భం చేజారిపోతుంది.